ఎర్ర కొన ముక్కలకు వేరే డబ్బా: వరంగల్‌లోని ఒక టంగ్‌స్టన్ తుక్కు దుకాణంపై సమీక్ష

వరంగల్ ములుగు రోడ్డు పారిశ్రామికవాడ వైపు, లేతు మిషన్ల షెడ్ల మధ్య, టంగ్‌స్టన్, కార్బైడ్ తుక్కు మాత్రమే కొనే దుకాణం ఒకటి ఉంది. ఇనుము, రాగి, ఇత్తడి అక్కడ తీసుకోరు. పేరు, ఫోన్ నంబరు రాయవద్దని యజమాని కోరినందువల్ల వాటిని ఇక్కడ ఇవ్వడం లేదు; ఆ చుట్టుపక్కల ఏ లేతు షెడ్డు ముందు ఆగి కార్బైడ్ టిప్పులు కొనేవారెక్కడని అడిగినా దారి చూపిస్తారు. నేను స్టెయిన్‌లెస్ స్టీల్ ట్యాంకులు, హోటళ్లకు వంటగది బల్లలు, రైస్ మిల్లులకు హాపర్లు చేసే చిన్న వర్క్‌షాపు నడుపుతున్నాను. ఆర్గాన్ వెల్డింగ్‌లో ఆర్క్ (నిప్పుకొస) పుట్టించే టంగ్‌స్టన్ రాడ్లు అరిగాక మిగిలే ముక్కలను అమ్ముకోవడానికి కొంతకాలంగా ఈ దుకాణంతో పని పడుతోంది. కిలోకు ఎంత ఇస్తారన్నది చాలామంది అడిగే మొదటి ప్రశ్న. ఆ ముక్కల్లో రేడియోధార్మిక పదార్థం కలిసినవి కూడా ఉంటాయి కాబట్టి, వాటిని ఈ దుకాణం ఎలా చూసుకుంటుందన్నది నాకు అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న అనిపించింది. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ భాగం దానికే కేటాయిస్తున్నాను.

దుకాణానికి వచ్చే సరుకులో అధిక భాగం కార్బైడే. ఉత్తర తెలంగాణలో ఈ తుక్కుకు కొదవ లేదు. బోరు బండ్ల బిట్లకు ఉండే గుండీలు, కరీంనగర్ గ్రానైట్ క్వారీల్లో అరిగిన డ్రిల్ బిట్లు, సింగరేణి గనుల్లో బొగ్గు కోసే యంత్రాల పళ్లు, లేతు మిషన్ల టిప్పులు అన్నీ టంగ్‌స్టన్ కార్బైడ్ పొడిని కోబాల్ట్‌తో బంధించి చేసినవే. ఇక్కడ ఒక అపోహను తీర్చి ముందుకు వెళ్లడం మంచిది. కార్బైడ్‌లో ఉండే కోబాల్ట్ మామూలు లోహం. ఆసుపత్రుల్లోనూ కర్మాగారాల్లోనూ వాడే రేడియోధార్మిక కోబాల్ట్-60 వేరు, దానిని రియాక్టర్‌లో తయారు చేస్తారు. కోబాల్ట్ అన్న పేరు వినగానే బోరు బిట్టును చూసి భయపడవలసిన పని లేదు. కార్బైడ్ విషయంలో ఈ దుకాణం పని శుభ్రంగానే ఉంది: బ్రేజింగ్‌లో అతుకు కోసం వాడిన ఇత్తడి, అంటుకున్న ఇనుము ఎంత తీసివేస్తారో మన కళ్ల ముందే చూపించి, ఎలక్ట్రానిక్ కాటా మీద తూచి, ఆ రోజు ధర పలక మీద రాసి ఉంచుతారు. అంతకు మించి దాని గురించి రాయవలసింది లేదు.

టంగ్‌స్టన్‌కు ఇంత గిరాకీ ఎందుకన్నది మాత్రం ఒకసారి చెప్పుకోవాలి. లోహాలన్నింటిలోకీ అత్యధికంగా 3,422 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగే లోహం ఇది. సాంద్రత బంగారంతో సమానంగా, ఘన సెంటీమీటరుకు 19.3 గ్రాములు ఉంటుంది. ప్రపంచ ఉత్పత్తిలో సింహభాగం చైనాదే. ఆ దేశం 2025 ఫిబ్రవరిలో టంగ్‌స్టన్ ఉత్పత్తుల ఎగుమతిపై అనుమతుల నిబంధన పెట్టింది. మన దేశంలో రాజస్థాన్‌లోని దేగానా గని ఎప్పుడో మూతపడింది, ఇప్పుడు దాదాపు అంతా దిగుమతే. 2023లో కేంద్రం ప్రకటించిన 30 కీలక ఖనిజాల జాబితాలో టంగ్‌స్టన్ కూడా ఉంది. కాబట్టి వెల్డరు చెత్తబుట్టలో పడేసే వేలెడు ముక్కకు కూడా విలువ ఉంది. 2.4 మిల్లీమీటర్ల మందం, 150 మిల్లీమీటర్ల పొడవు ఉన్న కొత్త రాడ్డు సుమారు 13 గ్రాములు తూగుతుంది. టార్చిలో ఇక పట్టుకు దొరకదని తీసి పారేసే ముక్క మూడున్నర, నాలుగు గ్రాములు ఉంటుంది. అంటే కొన్న లోహంలో పావు వంతుకు పైగా వాడకుండానే పక్కన పడుతోందన్నమాట. అలాంటివి రెండు వందల యాభై, మూడు వందలు పోగైతే ఒక కిలో అవుతుంది. మాది చిన్న షెడ్డే అయినా అంత పోగవడానికి పెద్ద కాలమేమీ పట్టదు.

ఇక అసలు విషయానికి వస్తే, ఈ రాడ్లన్నీ ఒకటి కావు. ఐఎస్ఓ 6848 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కొనకు పూసే రంగును బట్టి అందులో ఏం కలిపారో తెలుస్తుంది: శుద్ధ టంగ్‌స్టన్‌కు ఆకుపచ్చ, సీరియం కలిపిన దానికి బూడిద రంగు, లాంథనం ఒకటిన్నర శాతం ఉంటే బంగారు రంగు, రెండు శాతం ఉంటే నీలం. మన దగ్గర వెల్డర్లు ఎక్కువగా అడిగే ‘ఎర్ర టిప్పు’లో సుమారు రెండు శాతం థోరియం ఆక్సైడ్ ఉంటుంది. థోరియం వల్ల ఆర్క్ సులువుగా అంటుకుంటుంది, కొన త్వరగా కరిగిపోదు, అందుకే పాత వెల్డర్లు దాన్ని వదలడానికి ఇష్టపడరు. కానీ థోరియం-232 రేడియోధార్మిక మూలకం. దాని అర్ధాయుష్షు, అంటే అది సగానికి తగ్గడానికి పట్టే కాలం, సుమారు 1,400 కోట్ల సంవత్సరాలు. అంత నిదానంగా క్షీణించేది కాబట్టి ఒక్కో రాడ్డు నుంచి వచ్చే వికిరణం చాలా తక్కువ. అంత దీర్ఘకాలం నిలిచేది కాబట్టి మనం ఎక్కడ పడేస్తే అక్కడ ఉండిపోతుంది. లెక్క వేస్తే, గ్రాము ఎర్ర రాడ్డులో థోరియం-232 తాలూకు ధార్మికత సుమారు 70 బెక్వెరెల్‌లు (సెకనుకు ఒక పరమాణువు విచ్ఛిన్నమైతే ఒక బెక్వెరెల్) వస్తుంది. థోరియం, దాని నుంచి పుట్టే మూలకాలు ఉన్న సహజ పదార్థాల విషయంలో, నియంత్రణ అవసరం లేదని వదిలేయడానికి అంతర్జాతీయ అణుశక్తి సంస్థ పెట్టిన హద్దు గ్రాముకు 1 బెక్వెరెల్. ఒక వెల్డరు జేబులో నాలుగు రాడ్లుంటే ఎవరూ పట్టించుకోనక్కరలేదు. అవే ముక్కలు పది షెడ్ల నుంచి వచ్చి ఒక్క చోట బస్తాలో చేరినప్పుడు మాత్రం అది రేడియోధార్మికత ఉన్న పారిశ్రామిక వ్యర్థమే అవుతుంది, అందులో విలువైన లోహం 98 శాతం ఉన్నా సరే.

ఈ దుకాణంలో నన్ను ఆకట్టుకున్నది ఈ తేడాను వారు గుర్తించడమే. ముక్కలన్నీ ఒకే సంచిలో వేసి తీసుకువెళ్లే అలవాటు మా పనివాళ్లకు ఉండేది. ఆ సంచిని కాటా మీద పెట్టకముందే యజమాని నేలమీద వెడల్పాటి స్టీలు పళ్లెంలో కుమ్మరించి, ‘‘ఎర్రయి వేరే తీయుండ్రి సార్. గివి కలిస్తే మాల్ మొత్తం వాపస్ వస్తది, మనకే నష్టం’’ అన్నారు. కూలి కుర్రాడితో ‘‘తమ్మీ, చేతికి గ్లౌజులు తొడుక్కో, ఆ నీళ్ల స్ప్రే ఇటు తే’’ అని చెప్పి, ముక్కల మీద సన్నగా నీళ్లు చల్లించారు. దుమ్ము లేవకుండా అన్నమాట. తరువాత నీలం కొనలు, బంగారు కొనలు ఒక పక్కకు, ఎర్ర కొనలు మూత బిగించే ఇనుప డబ్బాలోకి వెళ్లాయి. ఆ డబ్బా మీద తెలుగులోనూ హిందీలోనూ ‘థోరియం, గ్రైండింగ్ చేయరాదు’ అని పెయింటుతో రాసి ఉంది. దానిని పెట్టే చోటు కూడా మనుషులు కూర్చునే బల్లకు దూరంగా, వెనుక గోడ మూలన ఉంది. పెద్ద సాంకేతికత ఏమీ లేదు, కానీ మన ఊళ్లో తుక్కు వ్యాపారంలో ఇంతవరకు ఎవరూ చేయని పని ఇది.

చిక్కంతా రంగు పోయిన ముక్కలతోనే వస్తుంది. వెల్డరు రాడ్డును రెండు వైపులా సాన పట్టి వాడుకుంటాడు. రంగు పూసిన కొన మొదటి వారంలోనే గ్రైండింగ్ రాయికి అరిగిపోతుంది. అలా మిగిలిన బూడిద రంగు ముక్కల్లో ఏది ఎర్రదో, ఏది నీలమో కంటికి తెలియదు, అయస్కాంతానికి తెలియదు, తూకానికీ తెలియదు. ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ తుపాకీ ఉంటే క్షణంలో చెబుతుంది గానీ, అది లక్షల రూపాయల పరికరం. ఈ దుకాణంలో దానికి బదులు వికిరణం తగిలినప్పుడల్లా టిక్కుమనే, పలుచటి అభ్రకపు కిటికీ ఉన్న గైగర్ మీటరు ఒకటి ఉంది. రంగు తెలియని ముక్కలను పదేసి చొప్పున చిన్న ట్రేలో ఒకే పొరగా పరిచి, మీటరు ముఖాన్ని వాటికి వేలెడు ఎత్తులో ఉంచి, నిమిషం పాటు టిక్కులు లెక్కించి, ఖాళీ ట్రే లెక్కతో పోలుస్తారు. ఎర్ర ముక్కలున్న ట్రే దగ్గర టిక్కుల జోరు స్పష్టంగా పెరగడం నేను చూశాను. నీలం ముక్కల ట్రే దగ్గర ఖాళీ ట్రేకూ దానికీ తేడా లేదు. మీటరును కొద్దిగా పైకెత్తగానే ఎర్ర ట్రే టిక్కులు కూడా తగ్గిపోయాయి, ఒక చేతి దూరం వెళ్లేసరికి దాదాపు మామూలు స్థాయికి వచ్చాయి. అక్కడ నిలబడి భయపడవలసినంత వికిరణం లేదని ఆ ఒక్క ప్రదర్శనతోనే తెలిసిపోతుంది.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది, యజమానికి అది తెలిసినట్లు నాకు అనిపించలేదు. టిక్కుల్లో అధిక భాగం థోరియం-232 వల్ల కాక, దాని నుంచి పుట్టే సంతాన మూలకాల వల్ల వస్తాయి. రాడ్డు తయారీకి ముందు థోరియాన్ని రసాయనికంగా శుద్ధి చేసినప్పుడు ఆ సంతానంలో ఒకటైన రేడియం-228 వేరైపోతుంది. దాని అర్ధాయుష్షు 5.75 సంవత్సరాలు. అది మళ్లీ పేరుకునే లోపల, థోరియంలోనే మరో రకం కాబట్టి వెంట వచ్చిన థోరియం-228 సుమారు 1.9 సంవత్సరాల అర్ధాయుష్షుతో తరిగిపోతూ ఉంటుంది. అందువల్ల తయారైన కొన్నేళ్లకు రాడ్డు టిక్కులు తగ్గుతాయి, తర్వాత దశాబ్దాల పాటు మెల్లగా పెరుగుతాయి. రెండు ట్రేలలో ఒకే బరువు ఎర్ర ముక్కలున్నా, రాడ్ల వయసును బట్టి లెక్క వేరుగా రావచ్చు. కాబట్టి టిక్కులను బట్టి ‘ఇందులో థోరియం ఇంత శాతం’ అని చెప్పడం కుదరదు. ఉందా లేదా అని చెప్పడానికే ఈ మీటరు పనికొస్తుంది. కొన్ని నీలం ముక్కలలో ఒక్క ఎర్రది కలిస్తే నిమిషం లెక్కలో అది దాక్కునే అవకాశం కూడా ఉంది. సందేహం వచ్చిన ట్రేను ఎర్ర డబ్బాలోకే వేస్తారు, అమ్మేవాడికి నష్టమైనా అదే సరైన నిర్ణయం.

ధర విషయానికి వస్తే, ఎర్ర ముక్కలకు నీలం ముక్కల ధరలో మూడింట రెండు వంతులే ఇస్తున్నారు. మా వెల్డర్లకు ఇది మింగుడు పడలేదు, ‘‘రెండు శాతం తేడాకు ముప్ఫై శాతం కోతేంది సార్’’ అని గొణిగారు. కోత ఎక్కువే, అయితే దానికి కారణం ఉంది. ఆ కారణం టంగ్‌స్టన్‌ను తిరిగి రాబట్టే పద్ధతిలో ఉంది. కార్బైడ్ తుక్కును సుమారు 900 డిగ్రీల దగ్గర కరిగిన జింకులో ముంచితే, జింకు అందులోని కోబాల్ట్‌తో కలిసి ముక్కను ఉబ్బించి గుల్ల చేస్తుంది. ఆపైన జింకును ఆవిరి చేసి తీసేస్తే మిగిలిన దాన్ని పొడి చేసి నేరుగా వాడుకోవచ్చు. వెల్డింగ్ రాడ్డులో కోబాల్ట్ బంధం లేదు కాబట్టి ఆ దారి దానికి పనికిరాదు. దానిని గాలిలో బాగా వేడిచేసి పసుపుపచ్చ ఆక్సైడ్‌గా మార్చి, కాస్టిక్ సోడా ద్రావణంలో కరిగించాలి. టంగ్‌స్టన్ సోడియం టంగ్‌స్టేట్‌గా నీళ్లలోకి వస్తుంది. దాన్ని శుద్ధి చేసి అమోనియం పారాటంగ్‌స్టేట్‌గా స్ఫటికీకరించి, తిరిగి కాల్చి, చివరకు హైడ్రోజన్‌తో క్షయకరణం చేసి ఆక్సిజన్‌ను తీసేస్తే టంగ్‌స్టన్ పొడి చేతికొస్తుంది. ఈ క్రమంలో థోరియం ఎక్కడికి పోయిందన్నదే ప్రశ్న. అది క్షారంలో కరగదు. వడపోత గుడ్డ మీద మిగిలే మడ్డిలోనే ఉండిపోతుంది.

ఎర్ర ముక్కలు ఒక టన్ను శుద్ధి చేస్తే ఆ మడ్డిలోకి చేరే థోరియం ఆక్సైడ్ దాదాపు 20 కిలోలు. టన్ను లోహమంతటా పలుచగా పరుచుకుని ఉన్న ధార్మికత కొద్దిపాటి మడ్డిలోకి వచ్చి చిక్కబడుతుంది. మంచి లోహాన్ని వెలికితీసిన కొద్దీ మిగిలినది మరింత ధార్మికంగా తయారవడమన్నది ఈ పరిశ్రమకంతటికీ ఉన్న స్వభావం. తగరం స్లాగ్ (కరిగించాక మిగిలే చిట్టెం) నుంచి టాంటలం, నియోబియం తీసినా, థోరియం ఉండే మోనజైట్ ఇసుక నుంచి అరుదైన మృత్తిక లోహాలు తీసినా జరిగేది అదే. మలేసియాలో ఈపో పట్టణం దగ్గర బుకిత్ మేరా అనే చోట 1982లో మొదలైన కర్మాగారం, తగరం గనుల వ్యర్థాల నుంచి వచ్చిన మోనజైట్ నుంచి అరుదైన మృత్తికలు తీసింది. మిగిలిన థోరియం వ్యర్థాన్ని సరిగా దాచనందుకు ఊరి జనం కోర్టుకెక్కి పోరాడారు, 1994లో అది మూతపడింది, ఆ వ్యర్థాన్ని తవ్వి శుభ్రం చేసే పని ఆ తర్వాత ఎన్నో ఏళ్లు సాగింది. మన దేశంలో ఇదే మోనజైట్‌ను కేరళలోని ఆలువాలో 1952 నుంచి దశాబ్దాల పాటు ప్రభుత్వ సంస్థ శుద్ధి చేసింది. 1962 అణుశక్తి చట్టం కింద థోరియం నిర్దేశిత పదార్థం, అంటే ప్రభుత్వ నియంత్రణలో ఉండే పదార్థం కాబట్టి, అక్కడ వేరైన థోరియం నియంత్రణలో నిల్వకు వెళ్లింది. దానికి లెక్క ఉంటుంది. మన ఎర్ర ముక్కల మడ్డికీ అలాంటి లెక్క చూపే శుద్ధి కేంద్రమే దాన్ని తీసుకోగలదు, ఆ ఖర్చు ఎక్కడో ఒకచోట ధరలో తగ్గాలి. ఈ దుకాణం పెట్టే కోతలో ఎంత ఆ ఖర్చుకు పోతుందో, ఎంత లాభంలోకి పోతుందో బయటివాళ్లం చెప్పలేం; కోత ఉండటం మాత్రం అన్యాయం కాదు.

కోత లేకుండా కొనేవారు కూడా ఊళ్లో ఉన్నారు. వేరే చోట ఒక పాత సామాన్ల దుకాణంలో, పేరు అనవసరం, ఎర్రా నీలం అన్న తేడా లేకుండా అయస్కాంతం పెట్టి చూసి, మొత్తాన్ని ఒకే ధరకు, ఇక్కడి నీలం ధర కన్నా కాస్త ఎక్కువకే తీసుకున్నారు. ఆ సరుకు ఎటు పోతుందని అడిగితే, ‘‘స్టీలు ఫర్నేసుకు పోతది సార్, గట్టిదనం కోసం కలుపుకుంటరు’’ అన్నారు. ఫర్నేసులో టంగ్‌స్టన్ ఉక్కులో కలుస్తుంది, థోరియం ఆక్సైడ్ మాత్రం స్లాగ్‌లోకి తేలిపోతుంది. ఆ స్లాగ్ గుంతలు పూడ్చడానికో, రోడ్డు కింద పరచడానికో వెళుతుంది. ఒక్క లోడుతో ఎవరికీ ఏమీ కాదు, నిజమే. అయితే ఎవరి లెక్కలోనూ లేకుండా, ఏ ఊరి మట్టిలోనో చేరిపోయిన థోరియాన్ని మళ్లీ వెతికి తీసే దారి లేదు.

తుక్కులో ధార్మిక పదార్థం కలిసిపోతే ఏమవుతుందో మన దేశం చూసింది. 2010లో ఢిల్లీ విశ్వవిద్యాలయం వేలం వేసిన పాత గామా యంత్రంలోని కోబాల్ట్-60 మాయాపురి తుక్కు బజారుకు చేరి, దానిని విప్పినవారిలో ఒకరు మరణించారు, మరికొందరు తీవ్రంగా జబ్బుపడ్డారు. అంతకు రెండేళ్ల ముందు మన దేశపు ఉక్కుతో చేసిన లిఫ్టు బటన్లలో అదే కోబాల్ట్-60 ఉన్నట్టు ఫ్రాన్సులో బయటపడింది. వెల్డింగ్ రాడ్లను ఆ ప్రమాదాలతో సమానంగా చూపడం నా ఉద్దేశం కాదు; ఆ కోబాల్ట్-60 తీవ్రత ముందు రెండు శాతం థోరియం ఏ లెక్కలోకీ రాదు. కానీ రాడ్ల కోసం కొన్న మీటరు వల్ల ఈ దుకాణానికి ఇంకో ప్రయోజనం కలిగింది. ఎవరు ఏ బస్తా తెచ్చినా, కార్బైడ్ అయినా సరే, లోపలికి రాకముందు గడప దగ్గరే మీటరుతో చుట్టూ ఒకసారి చూస్తారు. సిమెంటు ఫ్యాక్టరీల్లో, బొగ్గు వాషరీల్లో వాడే లెవెల్ గేజ్‌లలో (తొట్టిలో సరుకు ఎంత ఎత్తుందో చూపే పరికరాల్లో) సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం ఉంటుంది; మూతపడిన ఫ్యాక్టరీ సామాను వేలంలో అలాంటిది తుక్కులో కలిసి రావడం ఊహకందని విషయం కాదు. అలాంటి బస్తా వస్తే ఏం చేస్తారని అడిగాను. ముట్టుకోకుండా, అందరినీ దూరం పంపి, పోలీసులకు, ముంబైలోని అణుశక్తి నియంత్రణ మండలికి ఫోన్ చేస్తానన్నారు. మండలి నంబరు గోడ మీద రాసి ఉంది. ఇంత మాత్రం సిద్ధంగా ఉన్న తుక్కు దుకాణాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు.

సాన పట్టినప్పుడు రాలే పొడిని మాత్రం ఈ దుకాణం తీసుకోదు. ఈ నిరాకరణను కొందరు లోపంగా చెబుతున్నారు, నేను అంగీకరించను. థోరియం వెలువరించే ఆల్ఫా కణాలను ఒక కాగితం, మన చర్మం పైపొర కూడా ఆపేస్తాయి. అదే పొడి ఊపిరితో లోపలికి వెళ్లి ఊపిరితిత్తుల్లో కూర్చుంటే అడ్డుగా ఏమీ ఉండదు. ముక్కగా ఉన్నప్పుడు దాదాపు హాని లేనిదాన్ని హానికరంగా మార్చేది గ్రైండరే. పొడి సంచులు విప్పి తూచే దుకాణంలో రోజంతా కూర్చునేది ఆ కూలి కుర్రాడే కాబట్టి, వద్దనడమే న్యాయం. మా షెడ్డులో ఇప్పుడు టంగ్‌స్టన్‌కు వేరే రాయి పెట్టాం, దానికి గాలి లాగే పైపు బిగించాం, ఆ పొడిని తడిపి మూత ఉన్న డబ్బాలో ఉంచుతున్నాం. కొత్తగా కొనే రాడ్లన్నీ నీలం కొనవే. స్టీలు పనికి లాంథనం రాడ్డు ఏమాత్రం తీసిపోదని మొండికేసిన మా పెద్ద వెల్డరు కూడా ఒప్పుకున్నాడు, ఆయన నోటి వెంట ఒప్పుకోలు రావడమే విశేషం.

లోపాలు లేకపోలేదు. మొదటిది, అన్నింటికన్నా పెద్దది, ఎర్ర డబ్బా ఇక్కడి నుంచి ఎక్కడికి వెళుతుందన్నదానికి కాగితం లేదు. హైదరాబాదులోని ఒక పెద్ద వ్యాపారికి ఇస్తామని, ఆయన బయటి రాష్ట్రంలోని శుద్ధి కేంద్రానికి పంపుతారని యజమాని చెబుతారు; ఆ కేంద్రం పేరు గానీ, మడ్డిని ఏం చేస్తారన్న హామీ గానీ ఆయన దగ్గర లేదు. ఇక్కడ ఇంత జాగ్రత్తగా వేరు చేసినదాన్ని అవతల ఎవరో మళ్లీ ఫర్నేసులో పోస్తే, ఈ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. ఇన్ని షెడ్ల థోరియాన్ని ఒక చోట పోగుచేస్తున్న వ్యాపారి, ఎంత మొత్తం వరకు నిల్వ చేయవచ్చో, ఎవరికి అమ్మవచ్చో నియంత్రణ మండలిని అడిగి రాతపూర్వకంగా సమాధానం తీసుకోవడం తన మంచికే. ఈ మాట నేరుగా చెప్పాను, ‘‘అడుగుత సార్, జర టైం ఇయ్యుండ్రి’’ అన్నారు.

రెండవది, బిల్లుల సంగతి. 2024 అక్టోబరు 10 నుంచి, జీఎస్టీ నమోదు లేనివారి దగ్గర లోహపు తుక్కు కొంటే నమోదున్న కొనుగోలుదారే పన్ను కట్టాలి. ఈ భారం తప్పించుకోవడానికి చిన్న తూకాలకు తెల్లకాగితం మీద రాసి ఇచ్చే అలవాటు ఇక్కడా ఉంది. నాకు జీఎస్టీ ఉంది కాబట్టి నేనే బిల్లు ఇచ్చి డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకున్నాను, అభ్యంతరం చెప్పలేదు. అడగనివారికి మాత్రం తెల్లకాగితమే దక్కుతుంది. అందులో ఎర్ర ముక్కల బరువు విడిగా రాయరు. అది రాస్తే, రేపు ఎవరైనా లెక్క అడిగినా చూపించుకోవచ్చు.

ఇక చిన్న విషయాలు. మీటరు కొలత సరిగా ఉందో లేదో ఎప్పుడు సరిచూయించారో (క్రమాంకనం) చెప్పే స్టిక్కరు దాని మీద లేదు. ఎర్ర డబ్బాను దూరంగా పెట్టినా, ముక్కలు వేరు చేసే బల్ల మీదే టీ గ్లాసులు పెడుతున్నారు. చేతి గ్లౌజులు తీయకుండా కుర్రాడు బిస్కెట్ ప్యాకెట్ విప్పడం చూసి నేనే వారించవలసి వచ్చింది. యజమాని వెంటనే కోప్పడ్డారు గానీ, కోపంతో అలవాటు మారదు, చేతులు కడుక్కునే చోటు పక్కనే ఉంటే మారుతుంది. ప్రస్తుతం కుళాయి షెడ్డు వెనుక ఎక్కడో ఉంది.

ఇన్ని చెప్పినా, ఎర్ర ముక్కలను నేను ఇక్కడికే తీసుకువెళుతున్నాను. కలిపి కొనే దుకాణంలో నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయి, ఇక్కడ కనీసం థోరియం ఏ డబ్బాలో ఉందో తెలుస్తుంది. ఫాబ్రికేషన్ షెడ్లు, ఐటీఐ వెల్డింగ్ విభాగాలు, డెయిరీ పరికరాలు చేసేవారు ఈ దుకాణాన్ని నిస్సంకోచంగా వాడుకోవచ్చు. బిల్లు అడిగి తీసుకోండి, ఎర్ర ముక్కల బరువు విడిగా రాయించుకోండి. రంగు కొన మిగిలి ఉండగానే ముక్కలను మీ షెడ్డులోనే రెండు డబ్బాల్లో వేరు చేసి తీసుకువెళితే, ట్రేల లెక్కింపు కోసం ఆగవలసిన పని ఉండదు, సందేహం పేరుతో నీలం ముక్కలకు కోత పడదు. కిలో కన్నా తక్కువ ఉంటే టంగ్‌స్టన్ కొనరు. ఎర్ర ముక్కలు తెచ్చేముందు ఒకసారి వెళ్లి కనుక్కోవడం మంచిది, ఎందుకంటే ఆ ఇనుప డబ్బా నిండితే అది హైదరాబాదుకు వెళ్లేదాకా రెండో డబ్బా తెరవరు, తెచ్చిన సరుకును వెనక్కి తీసుకుపొమ్మంటారు.